టీవీ గేమ్ షోలల్ల అనౌన్సర్ అనే పని మన దగ్గర ఉన్నదా అసలు?

నల్లగొండ_నర్సిమ్మ
మా తమ్ముడు బీటెక్ అయినంక హైదరాబాద్‌ల ఒక కంపెనీల చేరిండు, పండుగకు ఇంటికొచ్చి ఇగ వాపస్ పోనంటుండు. మరి ఏం జేస్తవురా అంటే టీవీ గేమ్ షోలల్ల అనౌన్సర్ అయితడంట. యాంకర్ కాదు, అనౌన్సర్. మనిషి కనపడడు, గొంతే వినపడుతది సూడు, గది. చిన్నప్పటి సంది కబడ్డీ పోటీలకు, వినాయకుని మండపంల మైకు పట్టుడు వానికి అలవాటే, గొంతు గూడ నిజంగనే మంచిగుంటది, చెర్వుగట్టు జాతరల తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్తుంటే గుట్ట కింద దుకాణాల కాడికి వినపడేది. గని దాంతోని ఇల్లు నడుస్తదా? యూట్యూబ్‌ల అమెరికావి పాత షోలు రాత్రంత సూస్తడు. అమ్మ మాట్లాడుడు బంద్ చేసింది, బాపు ఏమో నన్నే తిడుతుండు నువ్వే వాన్ని మైకుల కాడికి తిప్పినవని. ఈ లైన్ గురించి తెలిసినోళ్లు జర చెప్పుండ్రి

పాలమూరు_పోరడు
లేదు.

కోదాడ_బస్సు
ఎందుకు లేదు, బస్టాండ్ల ఉన్నది కదా. "మిర్యాలగూడ వెళ్ళు ప్రయాణికులకు విజ్ఞప్తి." ఆ, అది గూడ ఇప్పుడు రికార్డ్ చేసి పెట్టిన్రు

మైక్‌సెట్_యాదగిరి
పోరడు తమ్మీ ఒక్క ముక్కల లేదనేస్తే ఎట్ల, నీకు మార్కెట్ తెల్వదు. నేను భువనగిరి దిక్కు మైక్ సెట్ నడుపుత. ఎడ్ల బండలాగుడు, కబడ్డీ, బతుకమ్మ పోటీలు, షాపు ఓపెనింగుల లక్కీ డ్రా, ఇప్పుడైతే అపార్టుమెంట్లల్ల హౌసీ (నంబర్లు పిలిచే తంబోలా ఆట), అన్నిటికి ఒక గొంతు గావాలె. సెట్ నాది, మనిషిని వేరే తెస్తరు. మంచిగ చెప్పేటోడు దొరికితే జనం లేవరు, కుర్చీలల్లనే ఉంటరు, పెట్టినోళ్లకు గావాల్సింది గదే. పైసల కాడనే లొల్లి. పోయినేడు ఒక టోర్నమెంట్ల కామెంటరీ చెప్పిన పిలగానికి పొద్దుగాల తొమ్మిదింటి సంది ఫైనల్ దాంక గొంతు చించుకుంటే ఆఖరికి శాలువ కప్పి పంపిన్రు, కవర్ ఇయ్యలే. బంకుల శాలువ ఇస్తే పెట్రోల్ పోస్తరా?

కోదాడ_బస్సు
జమ చేస్తే చలికాలం దుకాణం పెట్టుకోవచ్చు యాదగిరన్నా

దేవరకొండ_టు_డల్లాస్
నర్సిమ్మ అన్నా మీ తమ్ముడు సూస్తున్న షోలేందో నాకు తెలుసు అనుకుంట, నేను ఇక్కడికి వచ్చిన కొత్తల ఇంగ్లీష్ వినుడు అలవాటు కావాలని రోజు జెపర్డీ అనే క్విజ్ షో పెట్టుకునేటోన్ని. దాని అనౌన్సర్ జానీ గిల్బర్ట్, 1984ల ఇప్పటి షో మొదలైనప్పటి సంది ఆయన గొంతే. పుట్టింది 1924, అంటే మొన్న 2024ల నూరేండ్లు నిండినయి. హోస్ట్ అలెక్స్ ట్రెబెక్ 2020ల పోయిండు, తర్వాత హోస్టులు మారిన్రు, గొంతు మారలే. మొదట్ల ఆయన పాటలు పాడేటోడు, 1950ల ఆఖర్ల మ్యూజిక్ బింగో అనే షోకు తానే హోస్ట్.

ఇంక ప్రైస్ ఈజ్ రైట్ (సామాన్ల ధర అందాజగ చెప్పి గెలిచే షో) కథ వేరే. 1972ల బాబ్ బార్కర్ హోస్ట్‌గ కొత్తగ మొదలైంది, జానీ ఓల్సన్ అనౌన్సర్. జనంల కూసున్నోళ్ల పేరు పిలిచి కిందికి రమ్మని అరుస్తడు సూడు, ఆ పిలుపు ఆయనదే, ఇప్పటికీ అదే నడుస్తుంది. ఆయన 1985ల చనిపోతే కొన్ని నెలలు ఒక్కొక్కరిని పిలిచి ఎపిసోడ్లల్లనే ట్రై చేసిన్రు, అంటే పరీక్ష గూడ దేశమంత సూస్తుంటనే. ఆఖరికి 1986ల రాడ్ రాడీ వచ్చిండు, మిలమిల మెరిసే రంగురంగుల కోట్లు ఏసుకునేటోడు, 2003ల పోయేదాంక ఆయనే. లెక్క సూడు, ఒక్క షోకు ముప్పై ఏండ్లల్ల ఇద్దరే ఇద్దరు. మన ఐటీల ఒక్క కంపెనీల మూడేండ్లుంటే ముసలోన్ని సూసినట్టు సూస్తరు

సూర్యాపేట_సుజాత
నూరేండ్లకు డ్యూటీ. మా ఆయన యాభైకే వీఆర్ఎస్ అంటుండు

పాలమూరు_పోరడు
డల్లాస్ అన్నా గది అమెరికా. నేను లేదన్నది మన తెలుగు టీవీల. అసలు ఆ కుర్సీనే ఎయ్యలేదు మనోళ్లు. స్టార్ మహిళ అన్నేండ్లు నడిచింది, సుమనే స్వాగతం చెప్పాలె, సుమనే ఆడించాలె, సుమనే గిఫ్టు చెప్పాలె, మధ్యల స్పాన్సర్ పేరు గూడ ఆమెనే. పాడుతా తీయగా 1996 సంది, బాలు గారు 2020ల పోయేదాంక బాలు గారే పిలిచేది, బాలు గారే మార్కులు, బాలు గారే కథలు. వేరే గొంతు యాడున్నది? యాంకర్ మొత్తం తినేసిన్రు. లేని కుర్సీ కోసం నౌకరి ఇడుసుడు ఏం తెలివి

వనపర్తి_వేరుశెనగ
పోరడు చెప్పింది కరెక్టే గని కారణం వేరే. మీలో ఎవరు కోటీశ్వరుడు 2014ల నాగార్జున చేసిండు కదా, తర్వాత 2017ల చిరంజీవి, మళ్ల పేరు తిప్పి 2021ల జెమినీల ఎన్టీఆర్. అది బ్రిటన్‌ల 1998ల పుట్టిన ఫార్మాట్. దాంట్ల అనౌన్సర్ పని మొత్తం మ్యూజిక్కు, లైట్లే చేస్తయి. ప్రశ్న పెరిగినకొద్దీ వెనక మ్యూజిక్ శృతి ఒక్కో మెట్టు ఎక్కుతది, లైట్లు దిగి సీటు మీదికొస్తయి, ఎవడూ ఏం చెప్పకున్నా గుండె కొట్టుకుంటది. మన దగ్గర పెద్ద గేమ్ షో అంటే 2000 జులైల హిందీల వచ్చిన కేబీసీ (కౌన్ బనేగా కరోడ్‌పతి) సూసి నేర్చుకున్నదే, అమితాబ్ అంతటి గొంతు హోస్ట్ కుర్సీల కూసుంటే ఇంకో గొంతు ఎందుకు. అందుకే ఆ పోస్టు మనకు రాలే

పాలమూరు_పోరడు
మరి నేనేమన్న. లేదనే కదా

వనపర్తి_వేరుశెనగ
నువ్వు తినేసిన్రు అన్నవ్, నేను వండనే లేదంటున్న

దేవరకొండ_టు_డల్లాస్
ఇంకో ముక్క, అమెరికాల ఆ పోస్టు ఉండుడు ఏదో కళ మీద ప్రేమతోని కాదు. గిఫ్టులు కంపెనీలు ఇస్తయి, ఇచ్చినందుకు వాటి పేరు, గుణగణాలు చదవాలె. ఫ్రిజ్జు గురించి అంత ఇష్టంగ చెప్పాలంటే హోస్టు చెప్తే బాగుండదు, ఆయన ఆట ఆడించే పెద్దమనిషి కదా, అందుకని అమ్మే పని వేరే గొంతుకు అప్పజెప్పిన్రు. రేడియో కాలంల స్పాన్సర్ కోసం పెట్టిన పద్ధతే టీవీకొచ్చింది. డాన్ పార్డో అని ఒకాయన ఉంటుండె, 1944ల ఎన్‌బీసీ అనే అమెరికా చానెల్‌ల స్టాఫ్ అనౌన్సర్‌గ చేరిండు, 1956ల ప్రైస్ ఈజ్ రైట్ మొదటిసారి వచ్చినప్పుడు ఆయనే, 1964ల జెపర్డీ మొట్టమొదలు పెట్టినప్పుడు ఆయనే, 1963ల కెన్నెడీని కాల్చిన వార్త ఎన్‌బీసీ టీవీల చదివింది గూడ ఆయనే. అంటే గేమ్ షో కోసం పుట్టిన మనిషి కాదు, చానెల్ జీతగాడు, ఏ పని ఇస్తే ఆ పని. 1975ల సాటర్డే నైట్ లైవ్ అనే కామెడీ షో మొదటి ఎపిసోడ్‌ల నటుల బృందం పేరే తికమక చేసి చదివిండు, అయినా 2014ల తొంభై ఆరేండ్లకు పోయేదాంక (నడుమ ఒక సీజన్ తప్ప) ఆ షో గొంతు ఆయనదే

మిర్యాలగూడ_మిల్లు
నేను ఒక గేమ్ షోకు ఆడియన్స్‌గ పోయిన, చానెల్ పేరు వద్దులెండి. మా కాలనీ ఆడోళ్లను, మొగోళ్లను కలిపి ఒక కోఆర్డినేటర్ బస్సుల తీస్కపోయిండు. పొద్దుగాల పోతే షూటింగ్ మొదలయ్యే వరకు ఎండ దిగింది. మీరు అంటున్న ఆ గొంతు మనిషి ఉన్నడు, నేను సూసిన. టీవీల రాడు అంతే. స్టేజీ ఖాళీగ ఉన్నప్పుడే ఒక పిలగాడు మైకు పట్టుకొని వచ్చి జోకులేసి, ఊరి పేర్లు అడిగి, ఇటు పక్కోళ్లు గట్టిగనా అటు పక్కోళ్లు గట్టిగనా అని కొట్లాట పెట్టి చప్పట్లు రికార్డ్ చేస్కున్నడు. నవ్వు వేరే, చప్పట్లు వేరే, "ఓహ్" అని బాధపడుడు వేరే. యాంకర్ గారు వచ్చే వరకు మేమంత ఊగిపోతున్నం. ఎవరు గెలిచిన్రో మర్చిపోయిన గని వాని మాటలు ఇప్పటికీ చెప్పుకుంటం. సాయంత్రానికి గొంతు బొంగురు పోయింది పాపం, మాకిచ్చిన బిస్కెట్ ప్యాకెట్టే వానికీ

గొంతు_గోపి
ఆ తమ్మున్ని నేనే. మా అన్న ఈడ పెట్టిండని ఇప్పుడే సూసిన. మిల్లు అన్నా మీరు చెప్పిందే అసలు పని. జానీ ఓల్సన్ అమెరికాల పేరు తెచ్చుకుందే దానితోని, కెమెరా ఆన్ కాకముందు జనాన్ని లేపుడు. అక్కడ అనౌన్సర్ అంటే జనాన్ని వేడి చేసుడు, హోస్టును పిలుసుడు, ఆడేటోళ్లను పిలుసుడు, గిఫ్టు చదువుడు, ఆఖర్ల స్పాన్సర్ల లిస్టు, మధ్యల మెషిన్ ఖరాబైతే జనం పోకుండ పట్టుకొనుడు, అన్నీ ఒకే మనిషి. మన దగ్గర అదే పనిని ముక్కలు చేసి తలా ఒకరికి పంచిన్రు, ఎవరికీ పేరు లేదు. నేను కళ్లు మూసుకొని అమెరికాల పుడత అంటలేను

నల్లగొండ_నర్సిమ్మ
అరేయ్ నువ్వు ఈడికెట్ల వచ్చినవ్

గొంతు_గోపి
నీ పాస్‌వర్డ్ నాకు తెలుసు అన్నా, నోటిఫికేషన్ మన ఇంటి ట్యాబ్‌ల వచ్చింది

కోదాడ_బస్సు
😂😂 ఇగ నడువనియ్యి

డబ్బింగ్_అక్క
మాది నాగర్‌కర్నూల్, కృష్ణానగర్‌ల చాలా కాలం నుంచి డబ్బింగ్, వాయిస్ ఓవర్ చేస్తున్నా. గోపి ముక్కలు చేసి పంచారు అన్నది నిజం, ఆ ముక్కలు ఎవరి చేతిలో ఉన్నాయో చెప్తా. "ఈ కార్యక్రమాన్ని సమర్పిస్తున్నవారు" అని వస్తుంది కదా, అది చానెల్ ప్రోమో డిపార్ట్‌మెంట్. నెలకో రోజు పిలిచి పది షోల ట్యాగులు ఒకేసారి చదివిస్తారు, ముక్కకి ఇంత అని. ప్రోమోలలో "ఈ ఆదివారం..." అని గంభీరంగా వచ్చే గొంతు ఇంకొకరు. ఫ్లోర్‌లో జనాన్ని నవ్వించే అబ్బాయి సాధారణంగా డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటో, కోఆర్డినేటర్ మనిషో, వాడికి దాని కోసం వేరే పైసా ఇవ్వరు.

మన టీవీలో అనౌన్సర్‌కి దగ్గరగా వచ్చిన కుర్చీ ఒక్కటే, బిగ్ బాస్ గొంతు. 2017 జులైలో తెలుగులో మొదలైనప్పటి నుంచి హోస్టులు మారారు, జనం మాత్రం గొంతు మీదే జోకులేస్తారు, ఇమిటేట్ చేస్తారు. హిందీలో అయితే ఆ పని ఇద్దరు చేస్తారు, ఇంట్లో వాళ్ళతో మాట్లాడే బిగ్ బాస్ అతుల్ కపూర్, మనకి టైము, రోజు చెప్పే కథకుడు విజయ్ విక్రమ్ సింగ్. చాలామంది ఇద్దరూ ఒకటే అనుకుంటారు. విజయ్ విక్రమ్ సింగ్‌కి చిన్నప్పుడు నత్తి ఉండేదట, ఆయనే చాలాసార్లు చెప్పాడు. అమెరికాలో షోకొకరు, మన దగ్గర మొత్తం పరిశ్రమకి ఒకటో రెండో

సూర్యాపేట_సుజాత
అక్కా మీరందరు చెప్పిన పేర్లన్ని మొగోళ్లవే, గమనించిన్రా. అమెరికాల గొంతు మొగోనిది, ఫ్రిజ్జు పక్కన చెయ్యి ఊపుకుంట నిలవడేది ఆడిపిల్ల

డబ్బింగ్_అక్క
నిజమే సుజాతా. మన దగ్గర అది తిరగబడింది చూడు, పగటిపూట గేమ్ షోలు అంటే ఇంట్లో ఆడవాళ్ళ కోసమే, కాబట్టి యాంకర్లు కూడా సుమ, ఝాన్సీ, ఉదయభాను. పోరడు "తినేశారు" అన్నాడు గానీ, అన్ని పనులూ ఒక్కతే చేయగలిగితేనే వాళ్ళకి ఆ సీటు దొరికింది. వేరే అనౌన్సర్‌ని పెట్టి ఉంటే అది కచ్చితంగా మగ గొంతే అయ్యేది, అప్పుడు ఉదయభానుకి నవ్వటం, చప్పట్లు కొట్టటం మిగిలేవి

పాలమూరు_పోరడు
ఇది నేను ఆలోచించలే అక్కా

సూర్యాపేట_సుజాత
నేను చదువుకునేటప్పుడు ఒక చానెల్ యాంకర్ ఆడిషన్‌కు పోయిన. సదివిన్నంక ఒకాయన అన్నడు గొంతు మస్తున్నది అమ్మా, ఆ యాస తీసేసి మళ్ల రాండ్రి అని. యాస ఏమన్న బురఖానా తీసేసి రానీకి. బస్సుల ఏడ్చుకుంట వచ్చిన. గోపీ నీది నల్లగొండ మాటనే కదా, ఆ లొల్లి నీకూ తప్పదు

కారం_బాబు
మాది గుంటూరు, మధ్యలో దూరుతున్నందుకు తిట్టకండి. యాస అడ్డం అనేది పాత మాట అండి. సుమ గారిది కేరళ, పుట్టుక మలయాళీ, ఆవిడ తెలుగు నేర్చుకుని మనందరికీ పాఠాలు చెప్పే లెవెల్లో ఉన్నారు. కష్టపడి నేర్చుకుంటే వస్తది

సూర్యాపేట_సుజాత
బాబన్నా అదే కదా నా బాధ. ఆమె నేర్చుకున్నది మీ తెలుగు. కేరళ నుంచి వచ్చినామె గూడ నేర్చుకోవాల్సింది మీ తెలుగే, నల్లగొండ నుంచి వచ్చినామె గూడ మీ తెలుగే నేర్చుకోవాల్నా. నాకు పుట్టుకతోని వచ్చింది తెలుగు కాదా మరి

కారం_బాబు
సరే మేడం, ఒప్పుకున్నా. కానీ ఇప్పుడు మారింది కదా, తీన్మార్ వార్తలు వచ్చాక మా ఊళ్ళో పిల్లలు కూడా బిత్తిరి సత్తి లాగా మాట్లాడేవారు

వనపర్తి_వేరుశెనగ
సత్తి మన పక్కోడే, చేవెళ్ల కాడ పామెన. తెలంగాణ మాటను ప్రైమ్ టైంల కూసోవెట్టిండు, గది ఒప్పుకోవాలె

డబ్బింగ్_అక్క
మారింది, సగమే మారింది. కామెడీకి, ఊరి పాత్రకి, సెటైర్ వార్తలకి మన యాస కావాలని వెతికి మరీ పిలుస్తారు. అదే కోటి రూపాయల ప్రశ్నకో, బంగారం షాపు స్పాన్సర్ ట్యాగుకో "కొంచెం న్యూట్రల్‌గా చెప్పమ్మా" అంటారు. నవ్వించటానికి నా ఊరి గొంతు, నమ్మించటానికి ఇంకో ఊరి గొంతు. ఇది నాకు ప్రతి నెలా కనిపించేదే. గోపీ, నువ్వు రెండూ చెయ్యగలిగితే మంచిది, కానీ మొదటిది వదులుకోకు

రిటైర్డ్_సారు
చర్చ బాగున్నది, కానీ అందరూ టీవీ దగ్గరే ఆగిపోయినారు. మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ రేడియోలోనే వచ్చేది. 1972లో హమీద్ సయానీ మొదలుపెట్టినాడు, ఆయన పోయినాక తమ్ముడు అమీన్ సయానీ నడిపించినాడు. తెర లేదు, లైటు లేదు, వట్టి గొంతుతో పిల్లల చేత ఉత్కంఠ పుట్టించినారు. మన తెలుగులో శాంతి స్వరూప్ గారు 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తలు చదివినప్పుడు ఎదురుగా టెలిప్రాంప్టర్ కూడా లేదు, కంఠస్థం చేసుకొని చెప్పేవారు. అమీన్ సయానీ, శాంతి స్వరూప్ ఇద్దరూ 2024లోనే వెళ్ళిపోయినారు. గోపీ, నువ్వు ఆకాశవాణికి ప్రయత్నించినావా? క్యాజువల్ అనౌన్సర్లను తీసుకుంటారు, రాతపరీక్ష, తర్వాత గొంతు పరీక్ష, ఎంపికైతే వాణి అని ఒక శిక్షణ కోర్సు. జీతం కాదు, డ్యూటీకి ఇంత అని ఇస్తారు, నెలకు కొన్ని డ్యూటీలే. కానీ గడియారం చూసి మాట్లాడటం అక్కడ నేర్పినట్టు ఎక్కడా నేర్పరు

గొంతు_గోపి
ట్రై చెయ్యలే సారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వదు, పడితే ఏస్త

పాలమూరు_పోరడు
రేడియో ఓకే. ఇంకోటి చెప్త, కబడ్డీ అన్నవ్ కదా, 2018 ఆఖర్ల స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానెల్ వచ్చింది. తెలుగు కామెంటరీకి మనుషులు గావాలె, ఆటగాళ్లనే కాదు మాట్లాడేటోళ్లను గూడ తీస్కుంటరు. ప్రో కబడ్డీల రైడర్ పోయిన ముప్పై సెకండ్లల్ల మాట అయిపోవాలె, నువ్వు ఊర్ల చేస్తున్నది గదే కదా. గేమ్ షో కన్న ఇది నయం. ఊకె లేదు లేదు అంటున్నడని అనుకోకుండ్రి

మైక్‌సెట్_యాదగిరి
గిది మంచి మాట

కోదాడ_బస్సు
గని ఏఐ వచ్చింది కదా, రేపు నీ గొంతు ఐదు నిమిషాలు రికార్డ్ చేస్కొని వందేండ్లు వాడుకుంటరు. ఆ జానీ తాత లెక్క నువ్వు గూడ నూరేండ్లు డ్యూటీ చేస్తవ్, పైసలు మాత్రం రావు

డబ్బింగ్_అక్క
జోకు కాదు బస్సూ. చిన్న ప్రకటనలు, యాప్‌ల ట్యాగులు ఇప్పటికే మెషిన్ గొంతుకి పోతున్నాయి. నాకు తగ్గిన పని అదే. మెషిన్ చెయ్యలేనిది మిల్లు గారు చూసిన ఆ కుర్రాడి పని, ఎదురుగా ఉన్న మూడొందల మందిలో ఎవరు అలిగారో చూసి వాళ్ళ ఊరి పేరుతో పిలవటం. గోపీ, నీ దగ్గర శాంపిల్ ఉందా?

గొంతు_గోపి
ఉన్నది అక్కా, పది నిమిషాలది. జెపర్డీ స్టైల్ల ఒకటి, కబడ్డీ ఒకటి, బాహుబలి డైలాగులు

డబ్బింగ్_అక్క
పది నిమిషాలు ఎవరూ వినరు నాయనా. నిమిషంన్నర చాలు. సినిమా డైలాగులు తీసెయ్, అది నీ గొంతు కాదు, ప్రభాస్ గొంతుకి నీ కాపీ. ఇరవై సెకన్లు చీర గురించి చదువు, ఇరవై సెకన్లు ఒక మనిషిని స్టేజీ మీదికి పిలువు, ఇరవై సెకన్లు కబడ్డీ, మిగతాది మామూలుగా మాట్లాడు. రూములో దుప్పటి కప్పుకుని రికార్డ్ చెయ్, ఫ్యాన్ ఆపు. మ్యూజిక్ వెయ్యకు. ఇంకోటి, ఆడిషన్‌కి పైసలు అడిగే ఆఫీసు ఏదైనా సరే లేచి వచ్చెయ్, ఫోటోషూట్ అంటారు, కార్డు అంటారు, అదంతా దోపిడీ

నల్లగొండ_నర్సిమ్మ
అక్కా మీరు మస్తు చెప్పిన్రు, గని నాకు ఒక్కటే సమజ్ అయితలేదు, ఇయన్ని చేస్తే నెలకు ఎంతొస్తది

డబ్బింగ్_అక్క
మొదటి రెండేళ్ళు రూము కిరాయి కూడా రాకపోవచ్చు. నాకు రాలేదు. అందుకే ఉద్యోగం పెట్టుకునే చెయ్యమంటాను, రికార్డింగులు ఎలాగూ రాత్రి పూటే ఎక్కువ

దేవరకొండ_టు_డల్లాస్
ఇక్కడి లెక్క గూడ చెప్తున్న గోపీ, గేమ్ షోలు ఒక్క రోజుల ఐదు ఎపిసోడ్లు షూట్ చేస్తరు, జెపర్డీ గట్లనే. అంటే పని రోజులు తక్కువ, మిగతా రోజులు ఖాళీ. అందుకే ఇక్కడి అనౌన్సర్లు రెండు మూడు షోలు, రేడియో, ప్రకటనలు అన్ని కలిపి చేస్తరు. ఓల్సన్ అయితే ఒకప్పుడు న్యూయార్క్ షోలు చేసుకుంట మళ్ల మయామిల జాకీ గ్లీసన్ షోకు విమానంల పోయి వచ్చేటోడు. పక్కన ఇంకో పని లేకుండ ఒక్క గొంతు మీద బతికినోడు తక్కువ

నల్లగొండ_నర్సిమ్మ
విన్నవారా గోపీ. నౌకరి ఇడిసి కూసున్నవ్ ఇప్పుడు ఏం జేద్దం

గొంతు_గోపి
ఇడువలే అన్నా. రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్టుల పెట్టిన, పంపలే. ఇప్పుడు వర్క్ ఫ్రం హోమ్‌ల ఉన్న

నల్లగొండ_నర్సిమ్మ
అరే పుణ్యాత్ముడా ఇది అమ్మకు ముందుగాల చెప్పరాదు! మూడు రోజుల సంది ఇంట్ల పొయ్యి సరిగ్గ ముట్టించలే

గొంతు_గోపి
చెప్దామంటే బాపు మాట్లాడనియ్యలే

సూర్యాపేట_సుజాత
జనాన్ని లేపే గొంతు ఇంట్ల లేస్తలేదా 😄

మైక్‌సెట్_యాదగిరి
గోపీ, వచ్చే ఆదివారం సాయంత్రం భువనగిరిల ఒక అపార్టుమెంట్ల హౌసీ ఉన్నది, ఆడోళ్లే ఎక్కువ, నంబర్లు చదివేటోడు హ్యాండిచ్చిండు. ఊకె నంబర్ చదివితే పడుకుంటరు, మధ్యల జర మాట్లాడాలె. కవర్ ముందే ఇప్పిస్త, అది నా జిమ్మెదారి. శనివారం లోపల చెప్పు

గొంతు_గోపి
వస్త అన్నా. మైకు కార్డ్‌లెస్సేనా, వైరుదా?

మైక్‌సెట్_యాదగిరి
కార్డ్‌లెస్. బ్యాటరీలు నువ్వే తెచ్చుకో